క్రైస్తవ పాఠశాలల్లో విద్యార్థుల ధ్యానకూటాలు: ఒక చారిత్రక పరిశీలన

పరిచయం

మెదక్ నుండి ఎల్లారెడ్డి వైపు వెళ్లే దారిలో పోచారం చెరువు కట్ట కనిపిస్తుంది. మంజీరలో కలిసే వాగుకు అడ్డంగా నిజాం ప్రభుత్వం 1916–1922 మధ్య ఈ జలాశయాన్ని కట్టించింది. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాంల వేటస్థలం. 1952లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. వానాకాలంలో మత్తడి దుంకుతున్నదంటే చూడడానికి చుట్టుపక్కల జిల్లాల నుండి జనం వస్తారు. మత్తడి ఆగిపోయాక మాత్రం ఇది బాగా నిశ్శబ్దమైన చోటు. ఇక్కడికి సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలోనే మెదక్ చర్చి ఉంది. దాని నిర్మాణం 1914లో మొదలైంది, ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న జరిగింది. అంటే ఈ కట్ట, ఆ చర్చి దాదాపు ఒకే కాలంలో, అదే ప్రాంతపు కూలీల చేతుల మీదుగా లేచాయి.

ఈ పాఠానికి పోచారాన్ని మొదట్లోనే పరిచయం చేయడానికి కారణం ఉంది. మనం చదవబోయే విషయానికి పెద్ద భవనం అక్కరలేదు, గ్రంథాలయం అక్కరలేదు. ఊరికీ బడికీ కొంత దూరంగా ఉన్న చోటు ఉంటే చాలు. క్రైస్తవ పాఠశాలలు తమ విద్యార్థులను ఏడాదిలో ఒకటి నుండి మూడు రోజుల పాటు తరగతి గది నుండి తప్పించి, ప్రార్థనకు, మౌనానికి, ఆత్మపరిశీలనకు కేటాయించే ఆచారం ఒకటి ఉంది. దీన్ని ఇంగ్లీషు మాటతోనే ‘రిట్రీట్’ అంటారు, తెలుగులో ‘ధ్యానకూటం’ అంటారు. సైన్యం వెనక్కి తగ్గడాన్ని కూడా ఇంగ్లీషులో ఈ మాటతోనే చెబుతారు. మన ఊళ్లలో జరిగే ఉజ్జీవ కూటాలతో దీన్ని కలపకూడదు. ఉజ్జీవ కూటం పందిళ్లు, మైకులు, వందలాది జనంతో జరుగుతుంది. ధ్యానకూటం చిన్న గుంపుతో, వీలైనంత మౌనంగా జరుగుతుంది.

మిషనరీ విద్య అనగానే మన చరిత్ర పుస్తకాలు అచ్చుయంత్రాలను, ఆడపిల్లల బడులను, ఇంగ్లీషు చదువును ప్రస్తావిస్తాయి. ధ్యానకూటం గురించి ఒక్క వాక్యం కూడా కనిపించదు. దీనికి సిలబస్ లేదు, పరీక్ష లేదు, మార్కుల రిజిస్టరు లేదు. కాగితం మిగల్చని దాన్ని చరిత్రకారుడు సులభంగా మరచిపోతాడు. అయితే ఈ మూడు రోజుల ఆచారం వెనుక ఒక పెద్ద ప్రశ్న ఉంది: పసివాడి మనసులోకి వెళ్లే అధికారం బడికి ఎంతవరకు ఉంది? దానికి సమ్మతి ఎవరు ఇవ్వాలి? ఈ పాఠంలో మనం ప్రధానంగా ఈ ప్రశ్నను వెంబడిస్తాం.

ముప్పై రోజులు మూడు రోజులైన తీరు

కొంతకాలం లోకవ్యవహారాల నుండి తొలగి ఉండడం క్రైస్తవులు మొదలుపెట్టినది కాదు. బౌద్ధ భిక్షువులు వానాకాలమంతా ఒకేచోట ఉండి వర్షావాసం చేసేవారు. రంజాన్ చివరి పది రోజులు మసీదులోనే గడిపే ఎతెకాఫ్‌ను తెలంగాణ పట్టణాల్లో ఇప్పటికీ చూడవచ్చు. అయ్యప్ప మాల వేసుకొని నలభై ఒక్క రోజులు దీక్షలో ఉండేవారు మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఉండే ఉంటారు. వీటన్నింటిలో ఒక సామాన్య లక్షణాన్ని గుర్తుంచుకోండి. మాల వేసుకొనేవాడు తానుగా నిర్ణయించుకొని వేసుకుంటాడు.

క్రైస్తవ సంప్రదాయంలో దీనికి ఆదర్శం యేసు అరణ్యంలో గడిపిన నలభై దినాలు. మూడు, నాలుగు శతాబ్దాల నాటికి ఈజిప్టు ఎడారుల్లో అంతోని వంటి సన్యాసులు ఏకాంతవాసాన్ని ఒక జీవన విధానంగా మార్చారు. మన పాఠానికి ముఖ్యమైన మలుపు మాత్రం 16వ శతాబ్దపు స్పెయిన్‌లో వచ్చింది. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన ఇగ్నేషియస్ లయోలా అనే సైనికుడు, కోలుకున్నాక 1522లో మన్రేసా అనే ఊరికి చేరుకొని, నది పక్కన నెలల తరబడి ప్రార్థనలో గడిపాడు. అక్కడి అనుభవాల నుండి రూపొందిన ‘ఆధ్యాత్మిక సాధనలు’ అనే చిన్న పుస్తకాన్ని 1548లో పోపు మూడవ పౌలు ఆమోదించాడు. ఆయన స్థాపించిన యేసుసభ మెస్సీనాలో బయటి విద్యార్థుల కోసం మొదటి కళాశాలను తెరిచింది కూడా 1548లోనే.

ఈ పుస్తకం చదివి ఆనందించేది కాదు. నిజానికి ఇది ధ్యానం చేసేవాడికంటే చేయించేవాడికి ఉపయోగపడే కైపుస్తకం. సుమారు ముప్పై రోజుల కార్యక్రమాన్ని నాలుగు ‘వారాలు’గా విభజించి, ఏ రోజు దేని గురించి ధ్యానించాలో చెబుతుంది. పుస్తకం ఆరంభంలో ఇరవై సూచనలు ఉన్నాయి. వాటిలో రెండు మనకు అవసరం. పదిహేనవ సూచన ప్రకారం, ధ్యానం చేయించే గురువు ఎదుటివాడిని ఒక నిర్ణయం వైపు నెట్టకూడదు. త్రాసు ముల్లులా మధ్యలో నిలబడి, దేవునికీ ఆ వ్యక్తికీ మధ్య జరిగే వ్యవహారానికి అడ్డురాకుండా ఉండాలి. పద్దెనిమిదవ సూచన ప్రకారం, సాధన చేసేవారి వయస్సు, చదువు, శక్తిని బట్టి కార్యక్రమాన్ని తగ్గించి మార్చుకోవచ్చు.

చరిత్రలో పద్దెనిమిదవ సూచన బాగా పనిచేసింది. పదిహేనవ సూచన సంగతి అలా చెప్పలేం.

ముప్పై రోజులు కేటాయించడం పెద్దలకే కష్టం, విద్యార్థులకు అసాధ్యం. యేసుసభ పాఠశాలలు వ్యాపించిన కొద్దీ ధ్యానకూటం ఎనిమిది రోజులకు, ఆ తర్వాత మూడు రోజులకు కుదించుకుపోయింది. 1563లో రోము కళాశాలలో మొదలైన మరియ మాత విద్యార్థి సంఘాలు దీనికి ఒక చట్రాన్ని ఇచ్చాయి. కాలం తగ్గడం కంటే పెద్ద మార్పు మరొకటి జరిగింది. మన్రేసా పద్ధతిలో ఒక గురువు, ఒక శిష్యుడు. పాఠశాల పద్ధతిలో ఒక గురువు, రెండువందల మంది పిల్లలు. పిల్లవాడు మాట్లాడడు, వింటాడు. గురువు ఉపన్యాసం ఇస్తాడు, మరణం, తీర్పు, నరకం, మోక్షం గురించి వరుసగా వివరిస్తాడు, చివర పాపసంకీర్తనం చేయిస్తాడు. ఐర్లండు రచయిత జేమ్స్ జాయిస్ 1916లో ప్రచురించిన నవలలో డబ్లిన్‌లోని యేసుసభ పాఠశాలలో జరిగిన అలాంటి కూటం వర్ణన ఉంది. నరకం గురించిన ఆ ప్రసంగాలు విని పదహారేళ్ల కుర్రవాడు భయంతో కుంగిపోతాడు. నవల చరిత్ర ఆధారం కాదని మీరు అనవచ్చు, నిజమే. కానీ పిల్లవాడి వైపు నుండి ధ్యానకూటాన్ని చెప్పిన రాతలు ఎంత అరుదో తెలిస్తే దాని విలువ అర్థమవుతుంది. బడుల నివేదికలు ఎంతమంది హాజరయ్యారో రాస్తాయి. ఎంతమందికి ఆ రాత్రి నిద్ర పట్టలేదో రాయవు.

పోపు పదకొండవ పియుస్ 1922లో ఇగ్నేషియస్‌ను ధ్యానకూటాలకు పాలక పునీతునిగా ప్రకటించాడు. 1929 డిసెంబరులో ధ్యానకూటాలను ప్రోత్సహిస్తూ ఒక విశ్వలేఖ కూడా వెలువరించాడు. భారతదేశంలోని కథోలిక పాఠశాలల్లో వార్షిక ధ్యానకూటం స్థిరపడిన నేపథ్యం ఇదే.

తెలుగునాట రెండు దారులు

తెలుగు ప్రాంతంలో కథోలిక పాఠశాలలు 19వ శతాబ్దం మధ్య నుండి గట్టిగా నిలదొక్కుకున్నాయి. విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ పాఠశాల 1847లో, హైదరాబాదులో ఆల్ సెయింట్స్ పాఠశాల 1855లో, సికిందరాబాదులో ఆడపిల్లల కోసం సెయింట్ ఆన్స్ 1871లో మొదలయ్యాయి. ఇటువంటి కథోలిక బడుల్లో వాడుకలో ఉన్న పద్ధతి మీలో కొందరికి స్వయంగా తెలిసే ఉంటుంది. కథోలిక పిల్లలకు సత్యోపదేశం, మిగిలినవారికి అదే పీరియడులో నీతిపాఠం, అంటే మోరల్ సైన్స్. తపస్సుకాలంలోనో, విద్యాసంవత్సరం మొదట్లోనో కథోలిక పిల్లలకు ధ్యానకూటం. మిగిలినవారు తరగతిలో కూర్చుంటారు, లేదా వారికి సెలవు.

ప్రొటెస్టెంటు సంఘాల దారి వేరు. వారికి మన్రేసా లేదు, పాపసంకీర్తనం లేదు. కొండెక్కి చేసే ప్రార్థన ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. ఆ కొండకు ప్రార్థన కొండ అనే పేరు నిలిచిపోయింది. ఇరవై నాలుగేళ్ల తర్వాత, 1878 జూలైలో, అదే ప్రాంతంలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందడంతో, ఆ ఉదయం గురించిన కథ తెలుగు బాప్టిస్టుల జ్ఞాపకంలో మూలకథగా మారింది. తరువాతి తరాల విద్యార్థులను కొండకో, ఏటిగట్టుకో తీసుకువెళ్లి తెల్లవారుజామున ప్రార్థించే అలవాటుకు ఇటువంటి జ్ఞాపకాలే ఊతం. కళాశాల స్థాయిలో 1912లో ఏర్పడిన స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్, కథోలికుల వైపు 1924లో మద్రాసులో మొదలైన ఐకఫ్ విద్యార్థి సంఘం శిబిరాలను, అధ్యయన బృందాలను అలవాటు చేశాయి. వీటిలో ఉపన్యాసం కంటే చర్చకు చోటు ఎక్కువ. పెద్దల చేతిలో ఉన్న ధ్యానకూటం కొంతైనా విద్యార్థుల చేతికి వచ్చింది ఇక్కడే అని నా అభిప్రాయం.

సమ్మతి ఎవరిది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. దీనికి మచిలీపట్నం వెళ్లాలి.

రాబర్ట్ నోబుల్ 1843 నవంబరులో అక్కడ తెరిచిన ఇంగ్లీషు పాఠశాల ప్రధానంగా ఉన్నత కులాల యువకులను ఉద్దేశించినది. బైబిలు పాఠం అందరికీ తప్పనిసరి. ఇంగ్లీషు చదువు కావాలి కాబట్టి తల్లిదండ్రులు బైబిలును భరించారు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోవడంతో పట్టణం అట్టుడికింది, బడి దాదాపు ఖాళీ అయింది. మళ్లీ పిల్లలు రావడానికి కాలం పట్టింది. మద్రాసులోనూ ఆ దశాబ్దాల్లో ఇటువంటి వివాదాలు కోర్టుల దాకా వెళ్లాయి. కోర్టుల ముందున్నది వేదాంత ప్రశ్న కాదు, వయస్సు ప్రశ్న. ఈ కుర్రవాడికి తన మతాన్ని తాను నిర్ణయించుకొనే తెలివి వచ్చిందా, లేక అతడు ఇంకా తండ్రి చెప్పుచేతల్లో ఉండవలసినవాడా?

1854 నాటి వుడ్స్ డిస్పాచ్ దీన్ని తేల్చలేదు, దాటవేసింది. ప్రభుత్వ బడుల్లో మతబోధ ఉండదు. ప్రైవేటు బడులకు గ్రాంటు ఇచ్చేటప్పుడు అక్కడ చెప్పే మతపాఠాన్ని తనిఖీ అధికారి పట్టించుకోడు. అంటే బడి చెప్పుకోవచ్చు, ప్రభుత్వం చూడనట్టు ఉండవచ్చు. ఇంగ్లండులో మాత్రం 1870 విద్యాచట్టం తల్లిదండ్రులకు తమ పిల్లలను మతపాఠం నుండి తప్పించుకొనే హక్కు ఇచ్చింది. దీన్ని ‘అంతరాత్మ నిబంధన’ అన్నారు. తమ దేశంలో ఒప్పుకున్న దాన్ని ఇక్కడ ఎందుకు ఒప్పుకోరని 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో భారతీయ నాయకులు అడగడం మొదలుపెట్టారు. మిషనరీలలోనే రెండు పక్షాలు ఏర్పడ్డాయి. బైబిలు పాఠం లేకపోతే మిషన్ బడి ఎందుకన్నది ఒక పక్షం. బలవంతంగా విన్న పాఠం విశ్వాసాన్ని కాక విరక్తిని పెంచుతుందన్నది రెండో పక్షం. క్రైస్తవ ఉన్నత విద్యపై 1931లో నివేదిక ఇచ్చిన లిండ్సే కమిషన్ కూడా ఈ కళాశాలల లక్ష్యం ఏమిటనే ప్రశ్ననే ఎదుర్కొంది.

స్వతంత్ర భారత రాజ్యాంగం ఈ వాదనకు ముగింపు రాసింది. 28(1) అధికరణ పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మతబోధను నిషేధిస్తుంది. మన విషయానికి వర్తించేది 28(3): ప్రభుత్వ గుర్తింపు గాని, సహాయం గాని పొందే విద్యాసంస్థలో చదివే ఏ వ్యక్తినీ అతని సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుని సమ్మతి లేకుండా, మతబోధకు గాని ఆరాధనకు గాని హాజరు కమ్మని నిర్బంధించరాదు. 30(1) అధికరణ అల్పసంఖ్యాకులకు తమ సంస్థలను స్థాపించి నడుపుకొనే హక్కు ఇస్తుంది. ఈ రెండింటినీ కలిపి చదవాలి. బడి నడిపే హక్కు వారిది, కూర్చోవాలా వద్దా అనే నిర్ణయం విద్యార్థి ఇంటిది. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు మతబోధ వేరు, మతాల గురించి తెలియజెప్పడం వేరు అనే భేదాన్ని స్పష్టం చేసింది.

ఈ పరిణామం ధ్యానకూటంపై చూపిన ప్రభావాన్ని పెద్దగా ఎవరూ గమనించలేదు. బైబిలు పాఠం టైంటేబుల్‌లో తప్పనిసరిగా ఉన్నంతకాలం ధ్యానకూటం దానికి అనుబంధం మాత్రమే. రోజువారీ పాఠం నీతిపాఠంగా మారిపోయిన తర్వాత, క్రైస్తవ పాఠశాల తన విశ్వాసాన్ని దాపరికం లేకుండా, పూర్తి స్వరంతో చెప్పుకోగలిగిన చోటు ధ్యానకూటమే అయింది. దూరంగా తీసుకువెళ్లి, రావడానికి ఇష్టపడినవారికే చెప్పే పద్ధతి అది. ఒకవిధంగా ఇది మొదటి స్థితికి తిరిగి రావడమే. మాల వేసుకొనేవాడు తానుగా వేసుకోవాలి.

(ఆలోచించండి: 28(3) అధికరణలోని ‘సమ్మతి’ చదువురాని తల్లిదండ్రుల విషయంలో ఎలా అమలవుతుంది?)

మెదక్, పోచారం ప్రాంతపు అనుభవం

మచిలీపట్నం కథను మెదక్‌కు యథాతథంగా అన్వయించలేం. వెస్లియన్ మెథడిస్టు మిషన్ నిజాం రాజ్యంలో 1879 తర్వాత అడుగుపెట్టింది. 1890ల చివర వచ్చిన చార్లెస్ వాకర్ పోస్నెట్ మెదక్‌ను కేంద్రంగా చేసుకున్నాడు. కరువు రోజుల్లో చర్చి నిర్మాణంలో పనిచేసినవారికి తిండి దొరికిందని ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక్కడ మిషన్‌కు చేరువైనవారు అధికభాగం మాల, మాదిగ కుటుంబాలవారు. మారింది ఒక్కొక్క మనిషి కాదు. వాడ పెద్దలు కూర్చొని మాట్లాడుకొని, వాడకు వాడే మారింది. పిల్లవాడి విశ్వాసం అతడు పుట్టకముందే నిర్ణయమైపోయింది.

ఇటువంటి పిల్లలు మిషన్ హాస్టళ్లలో చేరినప్పుడు వారి దినచర్యే ధ్యానకూటంలా ఉండేది. తెల్లవారుజామున ప్రార్థన, రాత్రి ప్రార్థన, ఆదివారం ఆరాధన. ఇంత ప్రార్థన మధ్య ప్రత్యేకంగా మరో మూడు రోజులు ఎందుకని అడగవచ్చు. నా దృష్టిలో దానికి జవాబు ఇది: ‘నీవేమనుకుంటున్నావు?’ అని ఆ పిల్లవాడిని ఒంటరిగా కూర్చోబెట్టి అడిగే సందర్భం ఇంకెక్కడా లేదు. ఇంట్లో పెద్దలు నిర్ణయిస్తారు, ఊళ్లో దొర నిర్ణయిస్తాడు, బడిలో పంతులు నిర్ణయిస్తాడు. ఉన్నత కులపు హిందూ విద్యార్థి విషయంలో ధ్యానకూటం ‘వద్దనే హక్కు’ సమస్యను లేవనెత్తింది. దళిత క్రైస్తవ విద్యార్థి విషయంలో అది, సరిగా జరిగిన చోట, తన పేరుతో ‘అవును’ అనే అవకాశాన్ని మొదటిసారి ఇచ్చింది. సరిగా జరిగిన చోట అన్న మాటను నేను కావాలనే వాడుతున్నాను. కూటం మూడు రోజుల ఉపన్యాసమే అయితే పంతులు స్థానంలో మరొక పంతులు వచ్చినట్టే.

ఇక్కడే మరో చిక్కు ఉంది, దాన్ని దాటిపోవడం నిజాయితీ కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మతంతో ముడిపెట్టింది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు గాని క్రైస్తవులకు ఆ హోదా లేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవంలోకి వచ్చినవారిని బి.సి.–సి గా లెక్కిస్తారు. ఫలితంగా ఇంట్లో ఒక విశ్వాసం, రిజిస్టరులో మరొక మతం ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. బడి ధ్యానకూటానికి జాబితా తయారుచేసేటప్పుడు హాజరుపట్టీలోని మతం గడిని చూస్తే కొందరు రావాలని ఉన్నా రాలేరు. ఆ గడిని పక్కనబెట్టి ‘మీలో ప్రార్థనకు వెళ్లేవాళ్లు చేతులెత్తండి’ అని తరగతిలో అడిగితే ఎత్తిన చేయి అందరికీ కనబడుతుంది. పద్నాలుగేళ్ల పిల్ల ఆ చేయి ఎత్తాలా వద్దా అని ఆలోచించే క్షణంలో రాజ్యాంగం, కులం, కడుపు అన్నీ ఉంటాయి.

ఈ సందర్భంలో నా అనుభవం ఒకటి చెబుతాను. పాఠ్యపుస్తకంలో సొంత సంగతులు ఎందుకని సంపాదకులు అనుకోవచ్చు. కానీ నా దగ్గర ఉన్న ఆధారం ఇదే. నేను 1970ల మొదట్లో ఒక క్రైస్తవ పాఠశాలలో, హాస్టల్లో ఉండి తొమ్మిదవ తరగతి చదివాను. మాది క్రైస్తవ కుటుంబం కాదు. క్రైస్తవ పిల్లలు ధ్యానకూటానికి వెళ్తుంటే ఆ ఏడు మిగతావాళ్లు కూడా ఇష్టమైతే రావచ్చన్నారు. ఇంటి నుండి సంతకం తేవాలి. ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. ఆదివారం ఇంటికి పోయి బాపుకు ఇచ్చాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, “ఏం రాసిండ్రు బిడ్డా దీంట్ల?” అన్నాడు. నాకూ సగమే అర్థమైంది. “పోచారం తీస్కపోతరంట, మూడొద్దులు” అన్నాను. “చెర్వుల దిగకు” అని ఏలిముద్ర వేశాడు. రాజ్యాంగం 28(3) అధికరణ మా ఇంట్లో ఆ విధంగా అమలయింది.

చెరువుకు దగ్గరలోని ఒక ఊరి బడి వరండాలో పడుకున్నాం. పొద్దున దివ్యబలిపూజ, పాపసంకీర్తనం సమయంలో క్రైస్తవేతరులమైన మమ్మల్ని ఐదారుగురిని కట్ట మీదికి పోయి కూర్చోమన్నారు. మాకు ఏ ప్రార్థనా నేర్పలేదు. రెండో రోజు మధ్యాహ్నం నుండి అందరికీ మౌనం. ఫాదర్ ఒక తెల్లకాగితం ఇచ్చి, మీరు ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే వారికి ఉత్తరం రాయండి, నాకు చూపించవద్దు, పంపాలా వద్దా మీ ఇష్టం అన్నాడు. నేను ఎవరికి రాశానో ఇక్కడ చెప్పను. ఆ ఉత్తరం పంపలేదు. ఆ కాగితం చాలా ఏళ్లు నా ట్రంకుపెట్టెలో ఉంది. ఆ గురువు, తెలిసో తెలియకో, ఇగ్నేషియస్ పదిహేనవ సూచనను పాటించాడని దశాబ్దాల తర్వాత ఆ పుస్తకం చదివినప్పుడు అర్థమైంది. అదే సమయంలో, మా నాన్న వేలిముద్ర పడిన కాగితంలో ఏముందో మా ఇంట్లో ఎవరికీ తెలియదన్నది కూడా నిజం. ఈ రెండింటిలో ఒకదాన్ని మరొకదానితో కొట్టివేయడం నాకు ఇష్టం లేదు.

1965 తరువాత

నాకు ఎదురైన ఆ మెత్తని పద్ధతి వ్యక్తి మంచితనం ఒక్కటే కాకపోవచ్చు. రెండవ వాటికన్ మహాసభ (1962–65) కథోలిక శ్రీసభ ఆలోచనను చాలావరకు మార్చింది. 1965 డిసెంబరు 7న వెలువడిన మతస్వేచ్ఛ ప్రకటన, విశ్వాసం విషయంలో ఎవరినీ నిర్బంధించరాదని స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన మరో పత్రం ఇతర మతాల్లోని సత్యమైన, పవిత్రమైన అంశాలను శ్రీసభ తిరస్కరించదని ప్రకటించింది. యేసుసభ అధిపతి పెద్రో అరుపే 1973లో వలెన్సియాలో పూర్వ విద్యార్థులతో మాట్లాడుతూ, మన బడులు ఇతరుల కోసం బతికే మనుషులను తయారుచేయాలని, ఇంతవరకు ఆ పని సరిగా చేయలేదని ఒప్పుకున్నాడు. 1975 నాటికి ఆ సభ విశ్వాస సేవను, సామాజిక న్యాయాన్ని విడదీయరాని లక్ష్యంగా స్వీకరించింది.

ధ్యానకూటంలో నరకం గురించిన ప్రసంగం వెనక్కి పోయి బృందచర్చ, పాట, నాటిక, పల్లెల సందర్శన ముందుకు వచ్చాయి. కొన్నిచోట్ల మౌనం కూడా వెనక్కిపోయింది. అది నష్టమనే నా ఉద్దేశం. ఆటలు, పాటలు ఉన్న శిబిరాన్ని ఎవరైనా నడపగలరు. పిల్లలను మూడు గంటలు మాట్లాడకుండా, భయపెట్టకుండా కూర్చోబెట్టగలగడం వేరే విద్య. పదవ తరగతి మార్కుల పోటీ పెరిగిన తర్వాత మూడు రోజులు ఒక్కరోజుకు తగ్గాయి. పబ్లిక్ పరీక్షల ముందు జరిపే ఆశీర్వాద ప్రార్థనే కొన్ని బడుల్లో ధ్యానకూటంగా మిగిలింది. అందులో ఎవరూ ఎవరికీ ఉత్తరం రాయరు, హాల్‌టికెట్లు బల్లమీద పెట్టి ప్రార్థిస్తారు.

క్షేత్ర పరిశీలన

ఈ అంశంపై ప్రాజెక్టు చేయదలచినవారు తమ ప్రాంతంలోని పాత క్రైస్తవ పాఠశాల ఒకదాన్ని ఎంచుకోండి. అనుమతి తీసుకొని పాఠశాల లాగ్‌బుక్కు, వార్షిక సంచికలు చూడండి. ధ్యానకూటం జరిగిన తేదీ, స్థలం, ఎవరు నడిపారు అన్నవి అక్కడ దొరకవచ్చు. ఆ బడిలో చదివిన ఇద్దరు క్రైస్తవులను, ఇద్దరు క్రైస్తవేతరులను విడివిడిగా కలవండి. మిమ్మల్ని ఎవరు పంపారు, అక్కడ ఏం చేయించారు, మీరు రానని చెప్పి ఉంటే ఏమయ్యేది అని అడగండి. మూడవ ప్రశ్నకు జవాబు వెంటనే రాదు, ఆగండి. ఇంటి నుండి తెచ్చిన సమ్మతిపత్రం ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే, అది ఏ భాషలో ఉందో తప్పక నమోదు చేయండి.